ఒక పక్క కాటా, ఒక పక్క గొయ్యి

రేటు బాగున్న ఏడాది నాకు పని ఉండేది కాదు. పంట విరగబండి, బజారులో అడిగే నాథుడు లేక, రైతు తల పట్టుకుని కూర్చున్నప్పుడే మా కొనుగోలు కేంద్రం తెరిచేవాళ్ళు. రేపల్లె దగ్గరి నగరం మండలంలో ఒక పెద్దాయన నన్ను చూసినప్పుడల్లా, "మేడంగారొచ్చారంటే మన పని అయిపోయినట్టే" అని నిట్టూర్చేవాడు. నిట్టూర్చి, కుర్చీ వేయించి, మజ్జిగ కూడా ఇప్పించేవాడు. అపశకునానికి అంత మర్యాద ఇంకే ఉద్యోగంలోనూ దొరకదు.

నా పని మద్దతు ధరకు వచ్చిన పంట నాణ్యత చూడడం. ధాన్యం, మినుములు, జొన్నలు, మొక్కజొన్న, ఏ ఏడాది ఏది మిగిలిపోతే అది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను. ఉద్యోగమంతా బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కలే గడిచింది. రిటైరయ్యాక తెనాలిలో ఉంటున్నాను. ఈ మధ్య ఈ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు కొందరు ఇంటికొచ్చి, ఏమేం చదవమంటారని అడిగారు. చదవాల్సినవి ఆఫీసే ఇస్తుంది, కట్టలు కట్టలుగా. వాటిలో ఉండని సంగతులు కొన్ని నాకు తెలుసు. అవి ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయడం లేదు. అవి నాకే సరిగా గుర్తు లేవు.

ధరకు గోతాం కావాలి

ప్రభుత్వం ధర ప్రకటించగానే అది రైతు జేబులో పడిపోయినట్టు బయటివాళ్ళు అనుకుంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ధర పేపర్లో వస్తుంది. అది రైతు దాకా రావాలంటే ఖాళీ గోతాలు రావాలి, కాటా రావాలి, లారీ రావాలి, గోడౌన్లో చోటుండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ధర గోడ మీద అంటించిన కాగితమే. కాబట్టి కొత్తగా ఒక కేంద్రానికి వెళ్ళినప్పుడు నేను మొదట అడిగేది గోతాలు ఎన్ని ఉన్నాయని. ధర ఎంతో అందరికీ తెలిసే ఉంటుంది.

ఒక ఏడాది మినుములకు కేంద్రం ఆలస్యంగా తెరిచారు. డబ్బు అవసరం ఉన్న రైతులు అప్పటికే అయినకాడికి అమ్ముకున్నారు. మేము తెరిచిన మొదటి రోజే బస్తాలు బారులు తీరాయి. చూస్తే అన్నీ ఒకే రకంగా జల్లించి, ఒకే రంగు దారంతో కుట్టి ఉన్నాయి. ఇన్ని ఊళ్ళవాళ్ళు ఒకే కొట్లో దారం కొన్నారా అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు నేల చూశారు. వ్యాపారులు చవగ్గా కొని రైతుల పేర్ల మీద తెచ్చిన సరుకు అది. గింజ బాగానే ఉంది, కాగితాలూ బాగానే ఉన్నాయి. నా తేమ మీటరుకు దొరికే తప్పు అందులో ఏదీ లేదు. ఆలస్యంగా తెరిచిన కేంద్రం వ్యాపారికి తప్ప ఎవరికీ పనికిరాదని ఆ ఏడాది అర్థమైంది. ఈ మాట పైవాళ్ళతో మీటింగుల్లో అనేదాన్ని. టీ వచ్చే టైముకు అనేదాన్ని కాబట్టి పెద్దగా గొడవ అయ్యేది కాదు.

గింజ ఎవరి చేత్తో తీయాలి

నా మొదటి పై అధికారి సత్యంగారు. బాపట్లలో ఆయన కింద చేరాను. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నేను చేరిన కొత్తలో ఒక రైతు మా తేమ మీటరు మీద ధ్వజమెత్తాడు. మిషను అబద్ధం చెబుతోందనీ, నేను కావాలని అడుగునున్న తడి గింజ తీశాననీ కేకలు వేశాడు. నేను రూల్సు చెప్పడం మొదలుపెట్టాను. సత్యంగారు నన్ను ఆపి, ఆ రైతుతో, "నువ్వే నీకు నచ్చిన చోట చెయ్యి పెట్టి గుప్పెడు తియ్యి నాయనా" అన్నారు. అతను రాశి చుట్టూ తిరిగి, ఎండ బాగా తగిలిన చోట చూసి తీశాడు. మీటరు ఇంచుమించు అదే అంకె చూపించింది. అతను కాసేపు మీటరు వంక చూసి, టార్పాలిన్ పట్టా తీసుకుని గింజ ఆరబెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

"తన చేత్తో తీసిన గింజ మీద ఎవడూ తగువు పెట్టుకోడమ్మాయ్" అన్నారు సత్యంగారు తర్వాత. అప్పట్నుంచీ రూలు ప్రకారం తీయాల్సిన శాంపిల్ నేను తీసేదాన్ని, దానికి తోడు రైతు చేత కూడా ఒక గుప్పెడు తీయించేదాన్ని. దానివల్ల పని కాస్త ఆలస్యమయ్యేది. కానీ సర్వీసు మొత్తంలో నా మీద చెయ్యెత్తినవాడు లేడు. తిట్టినవాళ్ళున్నారు, అది వేరే సంగతి.

సత్యంగారిలో నాకు నచ్చని గుణం ఒకటుంది. తిరస్కరించిన సరుకు సంగతి రైతుకు ఆయన చెప్పేవారు కాదు, నాతో చెప్పించేవారు. అప్పట్లో కోపం వచ్చేది. కానీ అలా చెప్పగా చెప్పగానే, కాదు అనే మాటను ఒంటరిగా వదలకూడదని నేర్చుకున్నాను. ఎందుకు కాదో చెప్పాలి, ఏం చేస్తే అవునవుతుందో కూడా చెప్పాలి. ఇంకో రెండెండలు కాయించి తీసుకురండి అంటే రైతు వింటాడు. రిజెక్టు అని చెప్పి తల తిప్పుకుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

తెనాలి రోడ్డు మీద నిమ్మకాయలు

అన్ని పంటలకూ మద్దతు ధర ఉండదు. నిమ్మకాయకు లేదు. రేటు పడిపోయినప్పుడు రైతులు టిక్కీలకు టిక్కీలు, అంటే కాయల బస్తాలకు బస్తాలు, రోడ్డు పక్కన కుమ్మరించి వెళ్ళిపోతారు. ఒకసారి నేను బస్సులో తెనాలి వస్తుంటే దారిలో అలాగే ఒక పచ్చటి గుట్ట కనిపించింది. డ్రైవరు బస్సు ఆపేశాడు. జనం దిగి సంచులు, చెంగులు నింపుకున్నారు. కండక్టరు టికెట్ల బ్యాగులో కూడా వేసుకున్నాడు. పారబోసిన రైతు అక్కడే కల్వర్టు మీద కూర్చుని చూస్తున్నాడు. బస్సులోంచి దిగిన ఒకావిడ అతన్ని కోప్పడింది, ఇంత బంగారంలాంటి కాయ పారబోసే బదులు అమ్ముకోవచ్చు కదా అని.

"నిన్నటిదాకా అమ్మానమ్మా. కొన్నదెవరు?" అన్నాడు.

ఆవిడ కాయలు ఏరుకోవడం మాత్రం ఆపలేదు. పంట పారబోసే రైతుకు బుద్ధి లేదని పట్నంలో కూర్చుని అనేవాళ్ళు చాలామంది. కోత కూలి, బండి కిరాయి కలిపితే కాయకు వచ్చే ధర కంటే ఎక్కువైతే, కోసిన ప్రతి కాయా నష్టమే. కోయకపోతే చెట్టు పాడవుతుంది. ఇంక అతను చేసేదేముంది?

మా లూథరన్ చర్చిలో కోతపండుగకు అందరూ తమ పంటలో కొంత తెచ్చి పాస్టరుగారి ముందున్న బల్ల దగ్గర పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అక్కడ చిన్న బుట్టెడు నిమ్మకాయలు బజారులో కలలో కూడా రాని ధర పలుకుతాయి. వేలం పాడేవాళ్ళకు ఆ కాయలు ఎవరి చెట్టువో తెలుసు, ఎవరు నీళ్ళు మోసి పెంచారో తెలుసు. ధర ఎలా పుడుతుందో కాలేజీలో నాకు సగమే చెప్పారని అక్కడ కూర్చున్నప్పుడల్లా అనుకునేదాన్ని.

యార్డులో మిగిలిన ఒక్క రాశి

నా సర్వీసులో అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేది మొక్కజొన్న ఏడాది. మా వైపు వరి కోశాక రెండో పంటగా మొక్కజొన్న వేస్తారు. ఆ ఏడాది అందరూ వేశారు, అందరికీ పండింది. అదే కొంప ముంచింది. నగరం ఊరికీ పెనుమూడికీ మధ్య ఒక ఊరి యార్డులో మా కేంద్రం పెట్టారు. కొన్నాం, కుట్టాం, బస్తాలు ఒకదాని మీద ఒకటి వరసలు వరసలుగా పేర్చి నెట్టు కట్టాం. లారీలు మాత్రం రాలేదు. గోడౌన్లన్నీ నిండిపోయాయన్నారు. నెట్టు ఆరుబయటే పెరుగుతూ పోయింది. కొన్నాళ్ళకు గోతాలు కూడా అయిపోయి కొనడం ఆగింది.

ఆగేసరికి యార్డులో కాటా పడకుండా మిగిలిన రాశి ఒక్కటే, రత్నకుమారిది. భర్త రేపల్లెలో ఆటో నడుపుతాడు, సేద్యం మాత్రం ఆమెదే. పొలం సొంతం కాదు, కౌలు. ఆ రాశి అమ్మి కౌలు ముట్టజెబితేనే ఆసామి వచ్చే వరికి పొలం మళ్ళీ ఆమెకు ఇస్తాడు. లేకపోతే అడుగుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమె శాంపిల్ నేనే చూశాను, బాగుంది. గోతాలు వస్తే కాటా వేయడమే తరువాయి.

గోతాలకు బదులు వాన వచ్చింది. వేసవిలో రావాల్సిన వాన కాదది, వచ్చి పోయే రకం కూడా కాదు. ముసురు పట్టింది. మా టార్పాలిన్ పట్టాలు కొన్ని చాల్లేదు, కొన్ని చిరిగాయి, కొన్ని గాలికి లేచిపోయాయి. రత్నకుమారి మాత్రం తన రాశి దగ్గరే ఉంది. వాన తెరిపిచ్చినప్పుడల్లా పట్టా తీసి గింజ తిరగేసేది, చినుకు పడగానే మళ్ళీ కప్పేది. మా బస్తాలకు వాచ్‌మన్ ఉన్నాడు. పాపం అతను గేటుకు కాపలా, గింజకు కాదు. వాన వెలిశాక నెట్టు దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పై వరసలూ అడుగు వరసలూ పచ్చగా బూజు పట్టాయి, కొన్ని బస్తాల్లోంచి మొలకలు బయటికి వచ్చాయి.

మూర్తిగారి ఫోను

అప్పటి మా మేనేజరు మూర్తిగారు. ప్రపంచంలో ఆయన భయపడేది ఒక్కదానికే, ఫోనులో తీసే వీడియోకి. కుళ్ళిన బస్తాల వీడియో ఎవరైనా పెడతారేమోనని ఆయనకు నిద్ర లేదు. యార్డులో ఉన్న మొక్కజొన్నంతా సున్నం కలిపి పూడ్చేసి, వెంటనే కేంద్రం మూసేయమని ఫోను చేసి చెప్పారు. అంతా అంటే రత్నకుమారి రాశి కూడానా అని అడిగాను.

"ఆవిడది మనం కొనలేదు కదండి. ఇంటికి తోలుకెళ్ళమనండి."

"తోలుకెళ్ళి ఏం చేసుకుంటది సార్? ఈ యార్డు నుంచి వచ్చే గింజంతా బూజుదేనని ఊరూరా అనేస్తున్నారు. రేపల్లె వ్యాపారి చూడ్డానికి కూడా రానన్నాడు."

"అయితే ముందు పూడ్చనివ్వండి. తర్వాత చూద్దాం."

"తర్వాత కేంద్రం ఉండదు కదండి చూడ్డానికి."

"ఒక పక్క పూడుస్తా ఒక పక్క కొంటా ఉంటే, అది ఎవడన్నా వీడియో తీస్తే ఏమయిద్దో ఆలోచించారా?" అన్నారు.

"కొన్నది కుళ్ళబెట్టి, మంచిది గాలికొదిలేశారని తీస్తే బాగుండిద్దా సార్?"

చివరికి, "సరే, కానివ్వండి. కాకపోతే ఫొటోలో మీరే ఉండండి, నేను రాను" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. మూర్తిగారు భయస్థుడే గాని మాట తప్పే మనిషి కాదు. ఇంకో కేంద్రంలో మిగిలిన ఖాళీ గోతాలు ఆయనే ఇప్పించారు. నెట్టు విప్పి చూశాకే పూడుస్తామంటే దానికీ ఒప్పుకున్నారు. విప్పితే మధ్య వరసలు చాలావరకు బాగున్నాయి. వాటిని వేరుచేసి పంపించాం. పై అధికారి భయపడుతుంటే అతన్ని తిట్టుకోకండి. అతని భయానికి తగ్గ కారణం వెతికి, దాన్ని మీ పనికి వాడుకోండి.

బాతులాయన కోపం

బూజు బస్తాలు పూడుస్తారని తెలిసి బాతులు మేపే ఒకాయన వచ్చాడు. వరి కోసిన చేలల్లో బాతుల మందను తిప్పుకుని బతికే మనిషి. మట్టిపాలు చేసేది తన బాతులకు వేస్తే పుణ్యం వస్తుందన్నాడు. గేదెలున్నవాళ్ళు ఇంకొందరు ఆయన వెనకే వచ్చారు. నేను ఇవ్వనన్నాను. ఆ బూజులో విషం ఉంటుంది, బాతులు గుంపులు గుంపులుగా చస్తాయి, గేదె తింటే పాలలోకి దిగి ఇంట్లో పిల్లల దాకా వస్తుంది. అదంతా చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "పూడ్చుకోండి, మీ సొమ్మేం పోయింది" అని ఆయన కాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, మీకూ ఇలాంటి రోజు వస్తుంది. కాస్త ఇచ్చేస్తే పోతుంది కదా, మంచిపేరు వస్తుంది కదా అనిపిస్తుంది. ఇవ్వకండి. గింజను పారేయడం తప్పే. కానీ ఆ తప్పు వాన రాకముందు, లారీ రానప్పుడే జరిగిపోయింది. గొయ్యి దగ్గర జాలి చూపించి దాన్ని దిద్దలేం. బాతులాయన తర్వాత ఎన్నిసార్లు ఎదురైనా నన్ను పలకరించలేదు. నాకు బాధగానే ఉంది. అయినా మళ్ళీ అదే పరిస్థితి వస్తే అలాగే చేస్తాను.

లెక్క మొదలుపెట్టేదెవరు

పూడ్చే రోజు ముఠా వచ్చింది. ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. మేస్త్రి దానియేలు. కాటా దగ్గర బస్తాలు లెక్కపెట్టేది ఆయనే. మా వైపు గింజను కొలిచేటప్పుడు, తూచేటప్పుడు, మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. కళ్ళంలో అంతే, యార్డులో అంతే, హిందువులైనా క్రైస్తవులైనా అంతే. దానియేలు గొంతు పెద్దది. ఆయన లాభం అంటే గేటు బయట సోడాబండివాడికి వినపడేది.

యార్డు చివర పొక్లెయిన్ గొయ్యి తవ్వింది. ఎన్ని బస్తాలు గోతిలోకి వెళ్ళాయో లెక్క తేలాలి, అది నిబంధన. మొదటి బస్తా ఇద్దరు పట్టుకుని అంచుకు తెచ్చి ఆగారు. దానియేలు నోరు విప్పలేదు. కానివ్వండి అన్నాను. ఆయన తల దించుకుని అలాగే నిలబడ్డాడు.

"గోతిలో వేసేదాన్ని పట్టుకుని ఆ మాట అనలేనండి. మా నాన్న కాణ్ణించి ఇదే పని, ఇట్టాంటిది ఎప్పుడూ అనలేదు" అన్నాడు.

పోనీ ఒకటి అనమన్నాను. ముఠాలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గింజను ముందు పెట్టుకుని ఒకటి అన్నవాడు వాళ్ళలో ఎవడూ లేడు. అంటే ఆ ఇంటికి మళ్ళీ గింజ రాదని వాళ్ళ నమ్మకం. బస్తా పట్టుకున్న ఇద్దరికీ చేతులు లాగుతున్నాయి. గొయ్యి చుట్టూ ఊళ్ళోవాళ్ళు చేరారు. ఆ బస్తాలు అమ్మిన రైతులే వాళ్ళలో ఎక్కువ. వాళ్ళకు డబ్బు ముట్టింది, ఎవరికీ పైసా నష్టం లేదు. అయినా ఎవరో పోయిన ఇంటి ముందు నిలబడ్డట్టే ఉన్నారు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కొన్నది నేను. పనికిరాదని సంతకం పెట్టిందీ నేనే. ఆ మాట అనాల్సింది కూడా నేనే అనిపించింది. ముందుకెళ్ళి, "ఒకటి" అన్నాను. బస్తా గోతిలో పడింది. రెండు అన్నాను, మూడు అన్నాను. చివరి బస్తా దాకా నేనే లెక్కపెట్టాను. నాకు అలవాటు లేదు. మధ్యలో ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఎవరో ఫోనులో తీశారు కూడా. మూర్తిగారు చెప్పినట్టే ఫొటోలో నేనే ఉన్నాను.

సున్నం చల్లి మట్టి కప్పగానే ఇటు పక్క కాటా పెట్టించాను. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. కొత్త గోతాలు విప్పారు, రత్నకుమారి రాశి ఎత్తడం మొదలుపెట్టారు. తేమ సరిపోయింది, బూజు వాసన లేదు. ఆమె మాత్రం పొద్దుటినుంచీ శాంపిల్ గింజ పోసిన పళ్ళెం పట్టుకుని నావంకే చూస్తోంది. గింజ బాగుందని చెప్పినా మొహం తేటపడలేదు. కొంటామని మాటిచ్చాం కదా, ఇంకా ఈ బెంగ దేనికో నాకు అర్థం కాలేదు.

మొదటి బస్తా కాటా ఎక్కింది. దానియేలు ఒకసారి దగ్గి గొంతు సరిచేసుకుని, "లాభం" అని ఒక్క కేక పెట్టాడు. రెండు అన్నాడు, మూడు అన్నాడు. రత్నకుమారి పళ్ళెం కింద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, నా పక్కకొచ్చి నిలబడింది.

"నా బస్తాలు కూడా మీరే లెక్కెడతారేమోనని హడలి చచ్చానండి మేడంగారూ" అంది.